కొత్తవాడికి గతం ఉండదు

కంప్యూటర్ కంపెనీలకు అందరికన్నా ముద్దొచ్చే గిరాకీ ఎవరంటే, అంతవరకూ కంప్యూటర్ ముట్టనివాడు. పాత అలవాట్లు ఉండవు, పాత ఫైళ్లు ఉండవు. నిన్నటి పని ఇవాళ తెరుచుకోవాలని పట్టుబట్టడు. ఆ యంత్రం మీదే పదేళ్లుగా బతుకుతున్న ఎడిటరో డిజైనరో అలా కాదు. చేసిన పనంతా వెంటేసుకుని వస్తాడు. ఈ ఇద్దరికీ ఒకే దుకాణం సరుకు అమ్మబోతే ఏమవుతుందో యాపిల్ కథ చూస్తే తెలుస్తుంది.

1997 ఆర్థిక సంవత్సరంలో ఆ సంస్థ వంద కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. సంస్థకు తిరిగొచ్చిన వ్యవస్థాపకుల్లో ఒకడైన స్టీవ్ జాబ్స్ కుప్పలుగా ఉన్న మోడళ్లను కొట్టేసి, నాలుగు గళ్లు గీశాడు. ఇంట్లో వాడేవాళ్లకు ఒక డెస్క్‌టాప్, ఒక ల్యాప్‌టాప్. వృత్తిగా వాడేవాళ్లకు ఇంకో జత. ఇంటి గడిలోకి 1998 ఆగస్టులో ఐమాక్ వచ్చింది. ధర 1,299 డాలర్లు. కరెంటు తీగ పెట్టండి, ఇంటర్నెట్ తీగ పెట్టండి, మూడో పనంటూ లేదు అని టీవీ ప్రకటన. ఫ్లాపీ డ్రైవు తీసేశారు. పత్రికల్లో గగ్గోలు రేగింది కానీ అమ్మకాలు ఆగలేదు. తొలిసారి కంప్యూటర్ కొంటున్నవాడి దగ్గర ఫ్లాపీలెక్కడివి? మునిగేలా ఉన్న కంపెనీ నిలదొక్కుకుంది.

తీసేస్తే సులువవుతుంది, సులువైతే అమ్ముడవుతుంది. కంపెనీ వంటబట్టించుకున్న పాఠం ఇదే. చిక్కల్లా దాన్ని వృత్తివాళ్ల గళ్లకు కూడా వర్తింపజేయడంతో వచ్చింది. 2011 జూన్‌లో యాపిల్ వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్ ప్రో ఎక్స్ విడుదలైంది. చూడటానికి ఇళ్లలో పుట్టినరోజు వీడియోలు కత్తిరించుకునే ఐమూవీకి అన్నలా ఉంది. ధర 300 డాలర్లకు దిగింది, వేగం పెరిగింది. కానీ పాత ఫైనల్ కట్ ప్రాజెక్టులు అందులో తెరుచుకోవు. నాలుగైదు కెమెరాల దృశ్యాలను కలిపి కోసే మల్టీక్యామ్ లేదు. పైగా పాత వెర్షన్ అమ్మకం అప్పుడే ఆపేశారు. సగంలో ఉన్న సినిమాలూ టీవీ కార్యక్రమాలూ చేతిలో పట్టుకున్న ఎడిటర్లు మండిపడ్డారు. కొందరు పోటీ సాఫ్ట్‌వేర్లయిన అవిడ్‌కూ, కొందరు అడోబీ ప్రీమియర్‌కూ వెళ్లిపోయారు. మల్టీక్యామ్ 2012 జనవరిలో తిరిగొచ్చింది. వెళ్లినవాళ్లలో చాలామంది రాలేదు.

అక్కడితో ఆగలేదు. 2013లో నల్లటి గొట్టంలా, ముచ్చటగా వచ్చిన మ్యాక్ ప్రోలో కొత్త గ్రాఫిక్స్ కార్డులకు చోటు లేదు. వేడి విషయంలో తమను తామే మూలకు నెట్టుకున్నామని 2017లో కంపెనీ పెద్దలే విలేకరుల ముందు ఒప్పుకున్నారు. 2016లో మ్యాక్‌బుక్ ప్రో నుంచి పీకేసిన కెమెరా కార్డు గాడి, హెచ్‌డీఎంఐ 2021లో మళ్లీ ప్రత్యక్షమయ్యాయి.

ఇదంతా విని వృత్తివాళ్లదే న్యాయమనీ, సులువు అనేది పిల్లకాయల మోజనీ నేననను. ఫైనల్ కట్ కొత్త పద్ధతిని నేర్చుకున్న కుర్రవాళ్లు దానితో చకచకా పనిచేశారు. కొత్త తలుపు తెరవడంలో తప్పు లేదు. పాత తలుపుకు గొళ్లెం వేయడం తప్పు. ఆ గొళ్లెం కొత్తవాడికీ ఒకరోజు తగులుతుంది. 2014లో వృత్తి ఫొటోగ్రాఫర్ల అపర్చర్‌నూ, ఇంటిల్లిపాదీ వాడే ఐఫొటోనూ ఒకేసారి ఆపేస్తున్నట్లు యాపిల్ ప్రకటించింది. వాటి స్థానంలో వచ్చిన ఫొటోస్‌లోకి బొమ్మలైతే చేరాయి కానీ, ఏళ్ల తరబడి ఒక్కోదానికీ ఇచ్చుకున్న రేటింగ్ నక్షత్రాలు ఉత్త కీవర్డులుగా మారిపోయాయి. అప్పటికి ఇంటివాడు కూడా కొత్తవాడు కాదు. పిల్లల ఫొటోలే అతని గతం.

మన డీటీపీ సెంటర్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది. దానిలో అను ఫాంట్లతో కట్టిన శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు వేరేచోట తెరిస్తే అర్థంకాని గీతలవుతాయి. అందుకే పక్కన ఎంత మెరిసే యంత్రం ఉన్నా, పాత విండోస్ కంప్యూటర్‌ను మూల టేబుల్ మీద కాపాడుకునే ఆపరేటర్లు ఉన్నారు. దాన్ని చాదస్తమనే పెద్దమనుషులు కూడా తమ పాత పుస్తకం పునర్ముద్రణకు వెళ్లేది అక్కడికే.

కొత్తవాడు, పనివాడు అని కంపెనీలు రెండు గళ్లు గీస్తాయి గానీ, మొదటి గడిలో వాడు నాలుగేళ్లకు రెండో గడిలోకి నడిచి వెళతాడు. కాబట్టి దుకాణంలో అడగాల్సింది మొదలుపెట్టడం ఎంత సులువు అని కాదు. అది ఎవరైనా చూపిస్తారు. ఇందులో చేసిన పని పదేళ్ల తర్వాత తెరుచుకుంటుందా, తెరుచుకోకపోతే బయటికి తీసుకెళ్లే దారి ఉందా అని అడగాలి. ఆ జవాబు చెప్పలేని కంపెనీ ఎంత సులువైన యంత్రం అమ్మినా, కష్టాన్ని తగ్గించినట్టు కాదు, వాయిదా వేసినట్టు.