గురి తెలిసిన మందుకు మన గడప తెలియదా?

ఈమధ్య రొమ్ము క్యాన్సర్ ముదిరిన ఒక అక్కకు తోడుగా ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు కొత్త మందు పేరు రాసి, ధర చెప్పాడు. బయటికొచ్చాక ఆమె అన్నది: "నాకెందుకు చెల్లే గంత ఖర్సు? ఆ పైసలుంటే పిల్ల సదువైతది." ఇంట్లో ఎవరూ కాదనలేదు. జబ్బు ఇంటాయనకొస్తే ఊళ్ళో అరెకరం అమ్మేవాళ్ళు కాదా?

ఆ మందు ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్. మామూలు కీమో మందులు క్యాన్సర్ కణాలతోపాటు జుట్టు కుదుళ్ళనీ, నోటి పొరనీ, పేగులనీ దెబ్బతీస్తాయి. ఇందులోని యాంటీబాడీ మాత్రం హెర్2 ప్రొటీన్ ఉన్న కణాన్ని వెతికి పట్టుకుంటుంది. మోసుకొచ్చిన మందును ఆ కణం లోపలికి చేరాక విడుదల చేస్తుంది. ఊపిరితిత్తుల వాపు లాంటి ప్రమాదాలు దీనికీ ఉన్నాయి. అయినా హెర్2 రకం క్యాన్సర్ ముదిరిన స్త్రీలకు ఆయుష్షు పెంచుతుందని పరీక్షల్లో తేలింది.

కంటికి కనబడని కణాన్ని పట్టుకోగలిగిన శాస్త్రం బస్తీలోని మనిషిని చేరలేకపోతోంది. దారిలో ధర కాపలా కాస్తోంది.

2024 జులై బడ్జెట్‌లో కేంద్రం ఈ మందుపై కస్టమ్స్ సుంకం ఎత్తేసింది. మంచిదే. కానీ లక్షల్లో ఉన్న ధరలో సుంకం పోతే కూలి చేసుకునే స్త్రీకి ఒరిగేదేమిటి?

పరిశోధనకు ఖర్చయిందని కంపెనీలంటాయి. ఆ పరీక్షలకు తమ శరీరాలనిచ్చిన స్త్రీల ఖర్చు ఎవరు లెక్కగట్టారు? ఇక్కడ తయారుచేయడం కష్టమంటారు. దీనికి మూలమైన ట్రాస్టుజుమాబ్‌ను 2014 నుంచి మన దేశంలోనే చేస్తున్నారు కదా!

చట్టమూ ఉంది. బేయర్ కంపెనీ నెలకు దాదాపు 2,80,000 రూపాయలకు అమ్మిన సొరాఫెనిబ్ అనే క్యాన్సర్ మందును తయారుచేయడానికి 2012 మార్చిలో హైదరాబాదు కంపెనీ నాట్కోకు తప్పనిసరి లైసెన్సు ఇచ్చారు. నాట్కో దాన్ని 8,880 రూపాయలకే ఇచ్చింది. పేటెంట్ చట్టం 84వ సెక్షన్ మన చేతిలో ఉన్న ఆయుధం.

కాబట్టి మనం దయ అడగడం లేదు. హెర్2 పరీక్ష జిల్లా ఆసుపత్రుల్లో ఉచితంగా జరగాలి. అవసరమైన ప్రతి స్త్రీకీ ప్రభుత్వమే మందు ఇవ్వాలి. పేటెంటు అడ్డొస్తే తప్పనిసరి లైసెన్సు ఇవ్వాలి. వచ్చే సమావేశంలో ప్రతి సంఘమూ ఈ తీర్మానం చేసి కలెక్టరు కార్యాలయానికి వెళ్ళాలి.

"నాకెందుకు" అన్న మాట ఆ అక్క పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. ఇల్లూ, ప్రభుత్వమూ కలిసి నేర్పినది. దాన్ని మాన్పించే పని మనది.