సంచి సోదాలు – చదువరాని సంతకాలు

సంపాదకులు గారికి,
అయ్యా,

ఆంధ్ర–ఒడిశా సరిహద్దున రైళ్లలోను బస్సులలోను గంజాయి కొరకు జరుగుచున్న సోదాలను గూర్చి నాలుగు మాటలు వ్రాయుటకు మీ పత్రికలో చోటు కోరుచున్నాను. కొండలనుండి గంజాయి దిగుచున్న మాట నిజమే. పోలీసువారు చూడవలసినదే. చూచిన పిదప వ్రాయించుకొను కాగితమును గూర్చియే నా ఆక్షేపణ.

1985 నాటి మాదకద్రవ్యముల చట్టము 50వ సెక్షను ననుసరించి, ఒంటిమీద సోదా చేయబోవు అధికారి, గెజిటెడు ఆఫీసరు ఎదుటగాని మేజిస్ట్రేటు ఎదుటగాని సోదా జరిపించుకొను హక్కు కలదని ఆ మనిషికి ముందుగా చెప్పి తీరవలెను. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2010లో ఈ సంగతి స్పష్టము చేసినది. స్త్రీని స్త్రీయే సోదా చేయవలెను. అయితే చేతిసంచికి ఈ సెక్షను వర్తింపదని 2005లోను, మరల 2023లోను అదే కోర్టు తీర్పు చెప్పినది. జేబుకున్న మర్యాద సంచికి లేదన్నమాట! ఇక ఆవకాయ జాడీని అడుగువారెవరు?

కనుక సంచి విషయములో మనకు మిగిలిన ఆధారము ముఖ్యముగా కాగితమే. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షను, సోదాను, వస్తువుల జాబితా వ్రాయుటను, సాక్షుల సంతకములను వీడియో తీసి ఆలస్యము లేక మేజిస్ట్రేటుకు పంపవలెనన్నది. ఇల్లు సోదా చేసినచో జాబితా నకలు ఇంటివారికీయవలెను. అరెస్టయిన వాని యొద్ద వస్తువు తీసుకొన్నచో రసీదు ఈయవలెను. ఇవి పాత చట్టములోను ఉన్నవే. సెక్షన్ల అంకెలు మారినవి.

మరి ఆ కాగితము ఏ లిపిలో నుండును? బరంపురం 1936లో ఒరిస్సాలో చేరినది. మా ఇండ్లలో తాతలు తెలుగు చదివిరి, మనుమలు ఒడియా చదివిరి. మాట మాత్రము అందరిదీ తెలుగే. ఇవతల వ్రాసిన కాగితము ముసలివారికి రాదు, అవతల వ్రాసినది పడుచువారికి రాదు. హోసూరు, బళ్లారి, షోలాపురము తెలుగువారికి ఈ చిక్కు వేరుగ చెప్పనక్కరలేదు.

కిందటి యేడు మా మేనల్లుడు నాతో విశాఖపట్నము వచ్చుచుండగా త్రోవలో సంచి విప్పించిరి. బట్టలు, కందిపొడి తప్ప ఏమియు లేవు. తెలుగులో వ్రాసిన కాగితము చూపి సంతకము చేయమనిరి. ఏమి వ్రాసినారండీ అని వాడు అడిగిన తీరు విని, తెలుగువాడవై యుండి తెలుగు రాదా అని ఒక జవాను నవ్వినాడు. నేను చదివి చెప్పితిని. ఏమియు దొరకలేదనియే వ్రాసియున్నది. అందులో మోసము లేదు. కాని నేను లేనిచో వాడు దేనిమీద సంతకము చేసియుండును? నకలు అడిగితిమి, ఈయలేదు.

50వ సెక్షను నోటీసుగాని, సంచి సోదా జాబితాగాని సరిహద్దు స్టేషన్లలో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడు లిపులలో అచ్చువేసిన ఫారముగా నుంచుట ప్రభుత్వములకు పెద్ద ఖర్చు కాదు. నకలు కొరకు కార్బను కాగితము చాలును. అది వచ్చువరకు మనవారు చదువరాని కాగితముమీద సంతకము చేయుటకు ముందు, చదివి వినిపింపుడని మర్యాదగా అడుగవలెను. సంతకము ప్రక్కన, తమకు వచ్చిన లిపిలో, "చదివి వినిపించిరి" అనియో "వినిపింపలేదు" అనియో వ్రాయవలెను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం