మంట వేరు, నిప్పు వేరు

ఈ వేసవిలో డాబాల మీద మాంసం మాడ్చిన వాళ్ళందరి మీదా నాదొక ఫిర్యాదు. మాంసం మీద నాకేమీ కోపం లేదు. డాబాల మీద అసలే లేదు. ఎండ దిగిన తరువాత నలుగురూ డాబా ఎక్కి, ఏదో ఒకటి కాల్చుకు తింటూ కబుర్లు చెప్పుకోవడం కన్న చవకైన స్వర్గం నాకు తెలియదు. నా కోపమల్లా, కాల్చడమంటే మంట పెట్టడమే అనుకునే వాళ్ళ మీద.

జరిగింది చెప్తాను, మీరే తీర్పు చెప్పండి.

మాది మల్కాజ్‌గిరి. మా మేనల్లుడిది తార్నాకలో అపార్టుమెంటు. మొన్న మే నెలలో ఒక ఆదివారం పొద్దున్నే ఫోను చేశాడు. "మామయ్యా, సాయంత్రం అత్తయ్యనీ పిల్లల్నీ తీసుకుని వచ్చెయ్యండి. మా డాబా మీద బార్బెక్యూ!"

"అంటే ఏమిట్రా?" అన్నాను, తెలిసి కూడా. మేనమామకు ఆ మాత్రం హక్కుంటుంది.

"చికెన్ కాలుస్తాం మామయ్యా. అమెరికాలో వేసవి వచ్చిందంటే ఇంటింటా ఇదే" అన్నాడు. వాడక్కడ రెండేళ్ళుండి వచ్చాడు లెండి.

లాలాపేట మీదుగా ఆటోలో మేం చేరేసరికి డాబా సిమెంటు ఇంకా పెనంలాగానే ఉంది. నడిమధ్య మూడు కాళ్ళ మీద నల్లగా, గుండ్రంగా ఒక పొయ్యి. దాని నిండా బొగ్గులు. చుట్టూ ఇంజనీర్లు. ఒకడు ఊదుతున్నాడు, ఒకడు అట్టముక్కతో విసురుతున్నాడు, ఒకడు వాళ్ళావిడ జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి బొగ్గులకు గాలి కొడుతున్నాడు. అరగంట గడిచింది. పిల్లలు ఆకలంటున్నారు. అంతట మా మేనల్లుడు కిందికి పోయి, స్కూటర్లోంచి ఒక సీసాడు పెట్రోలు పట్టుకొచ్చి బొగ్గుల మీద గుమ్మరించి, అగ్గిపుల్ల గీశాడు.

భగ్గుమంది. వాడి కుడి కనుబొమ సగం ఎగిరిపోయింది. వెధవాయి అదృష్టవంతుడు గనక అంతటితో సరిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. సెల్‌ఫోన్లన్నీ పైకి లేచాయి. మంట నిలువెత్తు లేచింది గనక వంట మొదలైనట్టే అనుకుని ముక్కలు పేర్చేశారు. నాలుగు నిమిషాల్లో కోడికాళ్ళు నల్లగా నిగనిగలాడాయి. పచ్చి మాంసం తెచ్చిన పళ్ళెంలోకే వాటిని తిరిగి ఎత్తి, అందరికీ పంచారు.

నేను కొరికి చూశాను. పైన బొగ్గు. లోపల, ఎముక దగ్గర, గులాబీ రంగు. "పెట్రోలు వాసన వస్తోందిరా" అన్నాను. "అది స్మోకీ ఫ్లేవర్ మామయ్యా" అన్నాడు. నేను నాది మెల్లిగా పక్కన పెట్టేశాను. ఆరేళ్ళ మా మనవరాలు మాత్రం తనది పూర్తిగా తినేసింది. దాని చేతిలోంచి నేనెందుకు లాక్కోలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు. నలుగురిలో బాగుండదనుకున్నాను కాబోలు.

ఆ రాత్రి రెండింటికి మొదలయ్యాయి వాంతులు. మూడు రోజులు ఆస్పత్రి మంచం, సెలైను సీసా. ఇందులో చేదేమిటంటే, తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి రోగం మీద పరిశోధనగా పుట్టి, 1958లో మన హైదరాబాదుకు వచ్చిన సంస్థ. తిండి గురించి వందేళ్ళకు పైగా ఆలోచిస్తున్న వాళ్ళకు కూతవేటు దూరంలో, ఉడకని కోడి తిని పిల్ల మంచం పట్టింది.

మూడోనాటికి పిల్ల లేచి కూర్చుని బిస్కెట్టు అడిగింది. మనసు కుదుటపడి, సాయంత్రం కాస్త గాలి పోసుకుందామని ఉస్మానియా యూనివర్సిటీలోకి నడిచాను. 1939 నుంచీ ఎండకూ వానకూ చెక్కు చెదరని ఆ ఆర్ట్స్ కాలేజీ రాతి భవనాన్ని చూస్తే ఎవరికైనా మనసు నిమ్మళిస్తుంది. దారి పక్కన చెట్టు కింద ఒక అవ్వ మక్కకంకులు కాలుస్తోంది. ఎండాకాలంలో కంకులేమిటని అడక్కండి. యాసంగి పంట ఉందిగా.

ఆమె సరంజామా ఏమిటో చూడండి. ఒక పాత ఇనప తట్ట, గుప్పెడు బొగ్గులు, ఒక విసనకర్ర. మంట లేదు, పొగ లేదు. బొగ్గుల మీద పల్చగా తెల్లటి పొర. విసనకర్ర ఒక్కసారి ఊపితే ఆ పొర కింద ఎరుపు కదులుతుంది. కంకిని వేళ్ళ కొసలతో తిప్పుతూనే ఉంది. గింజలు ఒక్కొక్కటే చిటపటమంటూ బంగారు రంగుకు తిరుగుతున్నాయి.

మా వాడి డాబా గుర్తొచ్చి అడిగాను: "మంట పెట్టవేం అవ్వా? తొందరగా అయిపోతుంది గదా!"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మంట మీద పెడితె మాడుతది సారూ, కాలదు. నిప్పు తెల్లగయ్యేదాక ఆగాలె" అన్నది.

ఇంతే విద్య. ఇందులో ఇంకేమీ లేదు. మాడడం వేరు, కాలడం వేరు. మంట వేరు, నిప్పు వేరు. మన భాషకు ఈ తేడా ఎప్పుడో తెలుసు. "నివురు గప్పిన నిప్పు" అన్నారు పెద్దలు. పత్రికల వాళ్ళు గొడవలు అణిగిన ప్రతి ఊరికీ ఆ మాట తగిలించి అరగదీశారు గాని, అది మొదట పొయ్యి దగ్గర పుట్టిన మాట అయి ఉంటుందని నా గట్టి నమ్మకం. పొయ్యికి నివురు గప్పింది, ఇక ముక్క పెట్టవచ్చు అని ఏ తల్లో పక్కింటావిడకు చెప్పి ఉంటుంది.

శాస్త్రం కూడా అవ్వ పక్షమే. బొగ్గంటే ఏమిటి? ఒకసారి పొగంతా వదిలేసిన కట్టె. గాలి సరిగా ఆడకుండా కాల్చి, దానిలోని నీరూ తారూ వెళ్ళగొడితే మిగిలిందే బొగ్గు. అలాంటిదానికి మళ్ళీ పెట్రోలు పట్టించడమంటే, తాగుడు మానేసినవాడి చేతికి సీసా అందించడమే. రాజుకున్న బొగ్గు సూర్యుడిలాగే వేడిని నిదానంగా, సమంగా విరజిమ్ముతుంది. మంట అలా కాదు, పైపైన నాకి పోతుంది. పైనున్న నల్లదనం చూసి లోపల ఉడికిందనుకోవడం, మనిషి చొక్కా చూసి బుద్ధిమంతుడనుకోవడం లాంటిది. కోడిమాంసంలో ఉండే సాల్మొనెల్లా లాంటి క్రిములు చావాలంటే ముక్క నడిమధ్య 74 డిగ్రీల సెంటిగ్రేడు వేడి చేరాలి. నాలుగు నిమిషాల మంటకు అది చేరదు.

ఇంకొకటి. కొవ్వు కారి మంటలో పడితే లేచే పొగలో బెంజోపైరీన్ అనే పదార్థం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోనే పెట్టింది. ఏడాదికి రెండుసార్లు తింటే కొంప మునిగిపోతుందని నేననను. కాని మాడుని "ఫ్లేవర్" అని పిలిచి లొట్టలు వేయడం మాత్రం మానుకోండి.

ఇక, అది అమెరికా విద్య గనక అమెరికా పద్ధతిలోనే చెయ్యాలన్నాడు మా వాడు. పొరుగింటి పుల్లకూర రుచి! బార్బెక్యూ అన్న మాట అమెరికా వాళ్ళది కూడా కాదు. కరీబియన్ దీవుల్లోని టైనో జనం కర్రల తడికను పిలుచుకున్న మాట, స్పానిష్ వాళ్ళ నోట్లో పడి ఊరేగింది. ఆ గుండ్రటి మూతపొయ్యి మాత్రం నిజంగా అమెరికాదే. 1952లో షికాగోలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, తమ కార్ఖానాలో తయారయ్యే లోహపు బోయాను సగానికి కోసి చేశాడు. ఎందుకు చేశాడు? మూత పెట్టి మంటని అణచడానికి! మా వాడు పొయ్యి కొన్నాడు గాని మూత అట్టపెట్టెలోనే ఉంచేశాడు.

మన వైపు చూడండి. బీదరు దగ్గరి కల్యాణిని ఏలిన చాళుక్య సోమేశ్వరుడు సుమారు 1129 నాటి తన 'మానసోల్లాసం'లోనే మాంసాన్ని శూలాలకు గుచ్చి నిప్పుల మీద కాల్చే పద్ధతులు చెప్పాడు. మన హైదరాబాదులో పత్తర్ కా గోష్ట్ ఉంది. ఆరో నిజాము వేటకు వెళితే కబాబు ఊచలు మరిచిపోయారట, వంటవాళ్ళు రాతిపలకను నిప్పుల మీద కాచి దాని మీదే మాంసం కాల్చారట. కథ నిజమో కాదో గాని రాయి మాత్రం నిజం. మంట నేరుగా తగలకుండా వేడిని పట్టి, నెమ్మదిగా వదులుతుంది. మారేడుమిల్లి, అరకుల్లో గిరిజనులు కోడిని వెదురు బొంగులో కూరి కాలుస్తారు. మంట దెబ్బ బొంగు తింటుంది, ముక్క దాని తడిలోనే ఉడుకుతుంది. అలాగని అంతా మనదేనని జబ్బలు చరుచుకోనక్కర్లేదు. అవ్వ చేతిలోని మక్కకంకి మొదట మెక్సికో వైపు నుంచి వచ్చిందే. ఎవరిదైనా సరే, కాల్చడం వచ్చిన ప్రతి జాతీ మంటకూ ముక్కకూ మధ్య ఏదో ఒకటి పెట్టింది. రాయి, బొంగు, మూత, ఏదీ లేకపోతే ఓపిక.

"వంకాయను మంట మీదే కాలుస్తాంగా?" అని శాకాహారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. వంకాయకు తొక్క ఉంది, అది మంటను భరిస్తుంది. దాన్ని ఒలిచి పారేసి లోపలి గుజ్జుతో పచ్చడి చేసుకుంటాం. కోడికాలుకు ఆ వెసులుబాటు లేదు. మాడిన భాగమే ముందు నోట్లోకి వస్తుంది.

కాబట్టి డాబా ఎక్కే మహాశయులకు నా విన్నపాలు. పెట్రోలు స్కూటర్లోనే ఉంచండి. కొబ్బరిపీచు, ఎండుపుల్లలు ఉంటే బొగ్గు దానంతటదే అంటుకుంటుంది, ముప్పావుగంట ముందు మొదలుపెట్టండి, అంతే. నివురు పట్టాక బొగ్గుల్ని పొయ్యిలో ఒక పక్కకే నెట్టండి. నిప్పున్న వైపు రంగు తేలనిచ్చి, నిప్పు లేని వైపు మూత కింద మగ్గనివ్వండి. వేడి చాలిందా అని సందేహమా? జాలీకి అరజానెడు ఎత్తున అరచెయ్యి పెట్టి లెక్కపెట్టండి. నాలుగైదు అంకెల దాకా ఓర్చుకోగలిగితే సరిపోయింది. రెండుకే చెయ్యి లాగేశారంటే నిప్పు ఇంకా కోపంగా ఉందన్నమాట. కాళ్ళకు ఎముక దాకా గాట్లు పెట్టండి. వంటింటి థర్మామీటరు దొరుకుతోంది, కొనండి, జుట్టు మిషను కన్న చవక. పచ్చిమాంసం పళ్ళెం వేరు, వండిన పళ్ళెం వేరు. చివరి మాట, ఉక్కగా ఉందనో వాన వచ్చిందనో ఆ కుంపటిని గదిలోకి మాత్రం తీసుకుపోకండి. మూసిన గదిలో బొగ్గు వదిలే విషవాయువుకు వాసన కూడా ఉండదు.

"అంతసేపు ఎవరు కూర్చుంటారు మామయ్యా?" అంటాడు మా వాడు. కూర్చోవడానికే గదరా డాబా ఎక్కింది! తొందరగా తిని పోవాలంటే కింద గ్యాసు పొయ్యి ఉంది, వీధి చివర హోటలుంది. నిప్పు నివురుగప్పే ముప్పావుగంటే అసలు పండగ. పాత కబుర్లు, పిల్లల గొడవలు, మామిడిపళ్ళు అన్నీ ఆ వేళలోవే. దాన్ని కోసేసి, మంటను ఫోటో తీసుకుని, పచ్చిమాంసం తిని పోవడం కోసమా మేం మల్కాజ్‌గిరి నుంచి వచ్చింది?

ఆ సాయంత్రం అవ్వ దగ్గర రెండు కంకులు కొన్నాను. ఉప్పూ కారం అద్దిన నిమ్మచెక్క రుద్ది ఇచ్చింది. మా మనవరాలికి డాక్టరు ఇంకా కారం వద్దన్నాడు గనక, ఉత్త గింజలు నాలుగు ఒలిచి చేతిలో పెట్టాను. నమిలి, "తాతయ్యా, ఇది మాడలేదు" అంది.

మీరు వచ్చే వేసవికి పొయ్యి కొనాలనుకుంటే కొనండి, కాదనను. దానికి ముందు ఒక సాయంత్రం ఏ చెట్టు కిందనైనా కంకులు కాల్చే అవ్వ దగ్గర ఆగి, ఒక కంకి అడిగి, అది కాలేదాకా సెల్‌ఫోను జేబులో పెట్టుకుని నిలబడండి.