పులుసు మీదా? పుట్టింటి మీదా?

"ఉన్నమాటంటే ఉలుకెక్కువ" అని మనకొక సామెత ఉంది. సామెత మంచిదే. కానీ దాన్ని ఎవరు, ఎప్పుడు వాడతారో గమనించారా? ఉన్నమాట ఒకటికి లేనిమాటలు నాలుగు కలిపి అనేసి, అవతలివాళ్ళు నొచ్చుకున్నాక తప్పించుకోవడానికి వాడతారు. అది చాలకపోతే "యథార్థవాది లోకవిరోధి" అని రెండో సామెత తగిలిస్తారు. ఇహ అవతలివాళ్ళు నోరెత్తడానికి వీల్లేదు.

ఈ రెండు సామెతలనూ ఈ రోజుల్లో గట్టిగా నమ్ముకున్న వర్గం ఏదంటే, అత్తగార్లు కాదు సుమండీ, కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవాళ్ళు. "మనకెందుకమ్మా ఆ గొడవ?" అనకండి. కొడుకో, కూతురో, కోడలో ఆ పని మీద బతుకుతున్న ఇళ్ళు మనలో ఎన్ని లేవు? రాత్రి పన్నెండింటికి ఆ తెర ముందు మొహం వేలాడేసుకుని కూర్చున్న పిల్లని "ఏమయిందే?" అని అడగండి. "ఏం లేదమ్మా, రివ్యూలో కామెంట్లొచ్చాయి" అంటుంది. ఆ సంగతేమిటో మనమూ కాస్త తెలుసుకోవద్దూ?

ప్రోగ్రామంటే కంప్యూటరుకు వరసగా రాసిచ్చే ఆజ్ఞలు. ఒకరు రాసినదాన్ని అలాగే వాడేయరు. ఇంకొకరో ఇద్దరో చదివి, తప్పులుంటే చెప్పి, సరే అన్నాకే కలుపుతారు. దీన్ని కోడ్ రివ్యూ అంటారు. పద్ధతి బంగారంలాంటిది. ఎవరి తప్పు వాళ్ళ కంటికి ఆనదు కదా! పైగా ప్రపంచం నలుమూలలా ఉన్నవాళ్ళు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, కొందరు జీతమైనా లేకుండా, కలిసి రాసే ప్రోగ్రాములు బోలెడున్నాయి. అక్కడ పలకరింపులూ కాఫీలూ ఉండవు. రాసిన మాటే మనిషి. అందుచేత ఆ మాట ఎలా ఉండాలన్నది చిన్న విషయం కాదు.

ఈ తేడా మన వంటింట్లో అందరికీ తెలిసిందే. "పులుసులో ఉప్పు ఎక్కువైంది, కాసిని నీళ్ళు పోసి, రెండు సొరకాయ ముక్కలు వేసి మరిగించు" అన్నది ఒక మాట. "మీ అమ్మ నీకు పులుసు పెట్టడం కూడా నేర్పలేదా?" అన్నది ఇంకో మాట. మొదటిదానితో పులుసు బాగుపడుతుంది. రెండోదానితో పులుసు అలాగే ఉంటుంది, పుట్టిల్లు మాత్రం వీధిన పడుతుంది. ప్రోగ్రామర్లలో కొందరు ఈ రెండో రకం మాటకు నిక్కచ్చితనం అని పేరు పెట్టుకున్నారు. నా తగువల్లా ఆ పేరుతోనే.

"మెత్తగా చెబితే పని నాణ్యత పోతుంది" అంటారు వాళ్ళు. ఈ వాదానికి చాలాకాలం పెద్ద సాక్షి లైనస్ టోర్వాల్డ్స్. 1991లో ఫిన్లాండులో విద్యార్థిగా ఉండగా లినక్స్ మొదలుపెట్టిన మేధావి. మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున పనిచేసేది అదే. తోటివాళ్ళకు ఆయన రాసిన తిట్ల ఉత్తరాల గురించి కథలు కథలుగా చెప్పుకునేవారు. "అంత తిట్టాడు గనకే అంత గొప్ప పని అయింది" అని మురిసిపోయేవారు. తీరా 2018 సెప్టెంబరులో ఆయనే, తన ఉత్తరాల్లో మనుషుల మీద చేసిన దాడులు తగనివని ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, కొన్నాళ్ళు పని పక్కన పెట్టాడు. అదే నెలలో లినక్స్ పనివాళ్ళకు కొత్త ప్రవర్తన నియమావళి వచ్చింది. ఆ తరవాత ఆయన సాధుపుంగవుడై పోయాడని నేననను. పాత వాసన అప్పుడప్పుడూ తగులుతూనే ఉంది. కానీ లినక్స్ కూలిపోయిందా? నిక్షేపంలా నడుస్తోంది. తిట్లలో గురువే తిట్లు తప్పన్నాక శిష్యులకెందుకండీ ఇంత పట్టుదల?

ఇదేమీ కొత్తగా తెలిసిన సత్యం కాదు. 1971లోనే జెరాల్డ్ వైన్‌బర్గ్ ప్రోగ్రామర్ల మనస్తత్వం మీద పుస్తకం రాసి, రాసిన ప్రోగ్రామునే తమ పరువుగా చూసుకోవద్దని మొత్తుకున్నాడు. అందులో ఒక ముచ్చట ఉంది. ఒకాయన రాసిన 13 వాక్యాల్లో తోటి ఉద్యోగిని 17 తప్పులు పట్టుకుంది. ఆయన మొహం మాడ్చుకోలేదు. 13 వాక్యాల్లో 17 తప్పులెలా పట్టాయో చూడండంటూ కనబడ్డ వాళ్ళకల్లా చెప్పుకుని నవ్వుకున్నాడు. అంతకన్నా కఠినమైన పరీక్ష ఏముంటుంది? అందులో తిట్టు ఊసే లేదే!

1976లో ఐబీఎంలో పనిచేసే మైకేల్ ఫేగన్ ఈ తప్పులు వెతికే పనికి నియమాలు రాసి ప్రచురించాడు. నలుగురు కూర్చుని, రెండు గంటలకు మించకుండా చూడాలన్నాడు. దొరికిన తప్పుల లెక్కను ఆ ప్రోగ్రామరు పనితనానికి మార్కులు వేయడానికి సుతరామూ వాడకూడదన్నాడు. ఇందులో జాలి కన్నా లోకజ్ఞానం ఎక్కువ. తప్పు దొరికితే పరువు పోతుందన్న చోట మనిషి తప్పు దిద్దుకోడు, దాస్తాడు. గాజుగిన్నె పగిలితే వీపు పగిలే ఇంట్లో పెంకులు బియ్యం డబ్బా వెనక దొరుకుతాయి.

ఆడపిల్లల సంగతి మరీ చెప్పాలి. గిట్‌హబ్ అనే చోట చేరే ప్రోగ్రాముల మీద 2017లో ఒక పరిశోధన వెలువడింది. బయటినుంచి వచ్చి పని పంపిన స్త్రీలు ఆడో మగో తెలియనప్పుడు, వాళ్ళ పనిలో సుమారు 72 శాతం ఆమోదం పొందింది. స్త్రీ అని తెలిసేలా ఉన్నప్పుడు అది 62 దరిదాపులకు పడిపోయింది. మగవాళ్ళకూ కొంత తగ్గింది గానీ ఇంత కాదు. మరి "మేం పని మాత్రమే చూస్తాం" అన్న యథార్థవాదుల కళ్ళు అప్పుడెటు పోయాయో!

"ఆఁ, మనసులు నొచ్చుకోవడమే గదా" అని తేలిగ్గా తీసేసేవాళ్ళు ఈ కథ వినండి. ఎక్స్‌జెడ్ అని ఫైళ్ళను కుదించే చిన్న సాధనం ఒకటుంది. లెక్కలేనన్ని లినక్స్ యంత్రాలు దాన్ని వాడతాయి. ఏళ్ళ తరబడి ఒకే ఒక్క మనిషి, జీతం లేకుండా దాని ఆలనాపాలనా చూసేవాడు. 2022లో ఆయన మీదికి ఉత్తరాలు మొదలయ్యాయి. పని ఆలస్యమవుతోందనీ, నీకు ఆసక్తి పోయిందనీ, ఇంకొకరికి అప్పగించమనీ పోరు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని ఆయన చెప్పుకున్నా ఆగలేదు. చివరికి సాయానికొచ్చిన కొత్తమనిషికి ఆయన పెత్తనంలో వాటా ఇచ్చాడు. ఆ కొత్తమనిషి పేరు మీదే 2024లో అందులోకి దొంగదారి వచ్చి చేరింది. అలా పోరు పెట్టిన పేర్లూ కుట్రలో భాగమేనని నిపుణుల అనుమానం. అప్పట్లో ఎవరికీ అనుమానం ఎందుకు రాలేదంటారు? అక్కడ పెద్దమనుషులు మాట్లాడే తీరూ అదే గనక! అందరూ అరిచే వీధిలో దొంగ అరుపు వేరుగా వినబడదు.

ఆ దొంగదారిని పట్టినవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. తన యంత్రంలో ఒక పని అరసెకను ఆలస్యమవుతుంటే ఆరా తీశాడు. 2024 మార్చి 29న, ఏం చూశాడో, ఏం కొలిచాడో పూసగుచ్చినట్టు రాశాడు. తను భద్రతా నిపుణుణ్ణి కాదని కూడా చెప్పుకున్నాడు. విమర్శంటే అదీ! ఎన్నో యంత్రాలను కాపాడిన ఆ ఉత్తరంలో నోటి దురుసుకు చోటే లేదు.

అలాగని నేను పొగడ్తల పక్షం కాదు. చదవకుండానే "బాగుంది" అని రాసి పంపేసే మహానుభావులూ ఉన్నారు. పెళ్ళి భోజనం దగ్గర వియ్యంకుడి మొహం చూసి "అంతా బ్రహ్మాండం" అనడం లాంటిది అది. ఉప్పు సంగతి చెప్పనివాడు మర్యాదస్థుడనిపించుకుంటాడు గానీ, పంక్తిలో మిగతావాళ్ళ నోళ్ళు కాలతాయి.

మన పిల్లలకూ ఒక మాట. విమర్శ రాగానే కళ్ళనీళ్ళు పెట్టుకోవద్దు, కత్తి నూరవద్దు. రెండుసార్లు చదవండి. అందులో పులుసుకు చెందినవి ఏరుకుని, బెట్టు చేయకుండా దిద్దుకోండి. చెప్పినవారికి థాంక్స్ చెప్పండి. పుట్టింటికి చెందినవి మిగిలితే, "ఈ వాక్యం ప్రోగ్రాముకు సంబంధించింది కాదు" అని నలుగురిలో మర్యాదగా వెనక్కి పంపండి. పక్కన చూస్తున్నవాళ్ళూ నోరు విప్పాలి. ఇన్నాళ్ళూ దురుసువాళ్ళకు బలం ఇచ్చింది ఆ పక్కవాళ్ళ మౌనమే.

ఇహ నిక్కచ్చి దొరలకు నా మనవి ఇది. తప్పెక్కడుందో చెప్పండి, ఎందుకు తప్పో చెప్పండి, చేతనైతే ఎలా దిద్దాలో చెప్పండి. ఈ మూడూ అయ్యాక కూడా చెప్పవలసింది ఏదో మిగిలిందనిపిస్తే, అది ప్రోగ్రాములో లోపం కాదు, దాన్ని మీ ఇంట్లోనే దాచుకోండి. ఉన్నమాట ఎంతైనా అనండి, ఉలుకు మేం భరిస్తాం. లేనిమాటలకు లెక్క మాత్రం మీరే చెప్పాలి.