వచ్చినవాళ్లకు కంచు... మనకు ఆకు!

టీచర్ల ఇంట్లో వసంతం కోయిల కూతతో మొదలవదు. పరీక్షల డ్యూటీ ఆర్డరుతో మొదలవుతుంది.

మార్చి సగానికి వచ్చేసరికి ఒంటిపూట బడులు. ఆ వెనకే పదో తరగతి పరీక్షలు. ఇన్విజిలేషన్ అయ్యీ అవగానే స్పాట్ వాల్యుయేషన్. ఏప్రిల్ 23న ఆఖరి పనిదినం. ఈ హడావుడి మధ్యలోనే ఉగాది వస్తుంది, శ్రీరామనవమి వస్తుంది, ఆవకాయకు ముక్కలు కొట్టించే తొందరా వస్తుంది. వీటన్నిటితోపాటు చుట్టాలూ వస్తారు.

విజయవాడ సత్యనారాయణపురంలో ఓ రెండు పడగ్గదుల ఫ్లాటు. ఇల్లాలు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచరు. స్పాట్ వచ్చిందంటే తిరువూరు నుంచో జగ్గయ్యపేట నుంచో తోటి టీచర్లు ఇద్దరైనా ఆ ఇంట్లో దిగాల్సిందే. ‘లాడ్జీలో ఎందుకండీ, మా ఇల్లు లేదూ?’ అంటారు ఆమె భర్త. అనడం ఆయన వంతు. పొద్దున్నే నాలుగు క్యారేజీలు కట్టడం ఈమె వంతు. అయినా ఆమె ఏనాడూ విసుక్కోలేదు. అత్తగారింట్లో నేర్చుకున్న అలవాటది.

2025 ఉగాదికి వారం ముందు సంగతి. పండగ దులుపుళ్లలో అటక మీంచి ఓ గోనెసంచి దిగింది. విప్పితే ఆరు కంచు కంచాలు, ఓ ఇత్తడి గుండిగ, మూత బిగుసుకుపోయిన మరచెంబు. కంచాలు నల్లబడి పెనాల్లా ఉన్నాయి. ఒక్కోటి కిలోకి కాస్త తక్కువ తూగుతుంది.

‘ఇవింకా ఉన్నాయా?’ అన్నాడాయన. ‘వన్‌టౌన్‌లో పాత సామాను తూకానికి తీసుకుంటారు. ఇచ్చేస్తే అటకైనా ఖాళీ అవుతుంది.’

ఆ మాటకు కారణముంది. అమ్మాయికి బందరు సంబంధం ఖాయమయ్యేలా ఉంది. పిల్లవాడి తరఫువాళ్లు శ్రీరామనవమికి బెజవాడ వస్తున్నారు. ఏప్రిల్ 6, ఆదివారం. భోజనానికి పిలిచారు. ఇంట్లో ఉన్నవేమో సొట్టలు పడ్డ స్టీలు కంచాలు. ‘ఓ మంచి డిన్నర్ సెట్ కొందామమ్మా, పింగాణీది, అంచుకు పూలున్నది’ అని అమ్మాయి అప్పటికే రెండుసార్లు అడిగింది.

బాల్కనీలో వేపపువ్వు ఏరుకుంటూ కూర్చున్న అత్తగారు తలెత్తి చూశారు. ఏమీ అనలేదు.

అమ్మాయే ఓ కంచం చేతిలోకి తీసుకుని బరువు చూసింది. చీరకొంగుతో తుడిస్తే అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు బయటపడ్డాయి. మొదట నానమ్మ పేరు. తర్వాత ఊరు. ఆ తర్వాత ‘విశ్వావసు, వైశాఖం’ అని ఉంది.

‘అమ్మా, ఈ విశ్వావసు ఎవరు? ముత్తాతగారా?’

తెలుగు టీచరుకు నవ్వాగలేదు. ‘మనిషి కాదే, సంవత్సరం పేరు. మీ నానమ్మ పెళ్లయిన ఏడాది. 1965.’ చెప్పి ఒక్క క్షణం ఆగింది. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. మన సంవత్సరాలు అరవై. అరవై పూర్తయితే మళ్లీ అదే పేరు వస్తుంది. వచ్చే ఆదివారం పంచాంగ శ్రవణంలో చదవబోయే పేరు కూడా విశ్వావసే!

సామాను మీద పేరు కొట్టించడం ఈవేళ మనకు వింతగా తోచవచ్చు. ఒకప్పుడు అది చిరునామా. ఊళ్లో ఎవరింట పెళ్లయినా గుండిగలూ గంగాళాలూ కంచాలూ నాలుగిళ్ల నుంచీ వెళ్లేవి. పెళ్లయ్యాక ఎవరివి వాళ్లకు చేరాలంటే పేరే ఆధారం. ఆడపిల్లకు సారెలో పెట్టిన సామానైతే పుట్టింటివాళ్లు ఆమె పేరే కొట్టించేవారు. పొలం మీద పేరు లేకపోయినా, ఇంటి మీద పేరు లేకపోయినా, కంచం మీద మాత్రం ఆమె పేరే.

నిజానికి అత్తగారి సారెలో వచ్చినవి పన్నెండు కంచాలు. ఆరు ఏమయ్యాయంటే, దివిసీమలో ఆ వయసు వాళ్లెవరిని అడిగినా ఒకటే జవాబు. ఉప్పెన.

1977 నవంబరు 19. సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. సుమారు పదివేల మంది పోయారని లెక్క. అత్తగారి కుటుంబం ఊళ్లోని డాబా ఇంటి మీదికెక్కి బతికింది. కిందికి దిగేసరికి వాళ్ల ఇల్లు లేదు. సామాను లేదు. బురదలో వెతికితే నాలుగు కంచాలు దొరికాయి. నెల తర్వాత ఎవరో పక్కూరి మనిషి మరో రెండు సంచిలో వేసుకుని వచ్చాడట. ‘మా చేలో దొరికాయమ్మా. పేరు చూసి తెచ్చా’ అన్నాడట. ఆ రోజు ఇంట్లో ఉన్నది గంజి. అతను తెచ్చిన కంచాన్నే కడిగి, అందులోనే అతనికి పోశారు. తాము ఆకుల్లో తాగారు.

అప్పటినుంచీ ఆ ఇంట్లో ఓ కట్టుబాటు. వచ్చినవాళ్లకు కంచు... మనకు ఆకు.

ఆ కట్టుబాటు ఎప్పుడు సడలిందో ఎవరికీ గుర్తులేదు. పల్లె నుంచి పట్నానికి మారారు. పెరట్లో అరటిచెట్టు లేదు. చింతపండు పెట్టి తోమే తీరిక లేదు. పనమ్మాయి ‘ఈ బరువులు నావల్ల కాదమ్మా’ అంది. ఓ ఏడాది దసరా తర్వాత గోనెసంచిలో కట్టి అటకెక్కించారు. అంతే!

ఉగాది నాడు మధ్యాహ్నం పచ్చడి తినడానికి ఒకావిడ వచ్చింది. టీచరుకు తోటి ఉపాధ్యాయిని, సైన్సు చెబుతుంది. ఇల్లు అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆమె ఇంట్లో ఛాతీ లోతు నీళ్లు. పిల్లలతో సహా ఈ ఫ్లాటుకే వచ్చి పది రోజులున్నారు. ఆ కృతజ్ఞత ఆమెకు అలాగే ఉంది. వస్తూ వస్తూ తమ ఊరి మాగాణిలో వరి కోశాక పండిన కొత్త మినుములు రెండు కిలోలు తెచ్చింది, గారెలకని.

హాల్లో మూలకు పెట్టిన కంచాలు ఆమె కంటపడ్డాయి. అంచు తడిమి చూసింది. అమ్మేద్దామనుకుంటున్నారని అమ్మాయి చెప్పేసింది.

ఆమె కాసేపు మాట్లాడలేదు. ‘మునిగిన ఇళ్లకు గవర్నమెంటు పాతికవేలు ఇచ్చింది కదా మేడం. గ్యాస్ పొయ్యి, మిక్సీ కొనుక్కున్నాం. పరుపులూ వచ్చాయి. కానీ ఇంటికి తిరిగెళ్లిన రోజు నేను బురదలో టీవీ కోసం చూడలేదు. మా అమ్మ చారు కాచిన సత్తు గిన్నె కోసం వెతికాను. మంచం కింద దొరికింది, సొట్టపడి. అది పోయుంటే ఏ కొట్లో కొనుక్కోను?’

టీచరుకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఎందుకంటే సెప్టెంబరులో ఈ కుటుంబం తడిబట్టలతో గుమ్మంలో నిలబడ్డ రాత్రి, అత్తగారు ఓ మాటన్నారు. ‘అమ్మాయ్, ఆ కంచాలు దింపు.’ అప్పుడు తాను ‘ఇప్పుడవి ఎవరు తోముతారు అత్తయ్యా?’ అనేసింది. స్టీలు కంచాల్లో వడ్డించింది. కడుపునిండా పెట్టింది, పక్కలేసింది, పిల్లలకు పుస్తకాలు కొనిచ్చింది. లోటు చేయలేదు. అయినా అత్తగారు ఆ మాట ఎందుకన్నారో ఏడు నెలల తర్వాత ఇప్పుడర్థమైంది. ఉప్పెనను చూసిన మనిషి, వరదలోంచి వచ్చిన మనిషికి ఇవ్వగలిగిన గౌరవం అదొక్కటే.

లేచి ఓ కంచం తీసుకెళ్లి సింకులో పెట్టింది. చింతపండు, ఉప్పు వేసి తోమింది. పావుగంటకు కంచం కంచమైంది. ఆ పూట స్నేహితురాలికి బొబ్బట్లు, పులిహోర, కొత్త మామిడికాయ పప్పు అందులోనే. అత్తగారు దగ్గర కూర్చుని నెయ్యి వేశారు.

మిగతా అయిదూ నవమి లోపు మెరిశాయి. అమ్మాయి కూడా ఓ చెయ్యి వేసింది. డిన్నర్ సెట్ ఊసు మళ్లీ రాలేదు.

కంచుకూ ఇత్తడికీ తేడా తెలియక చాలామంది రెండిటినీ ఒకే గాట కడతారు. రాగిలో జింకు కలిస్తే ఇత్తడి. రాగిలో తగరం కలిస్తే కంచు. కంచాలకు వాడే మేలురకంలో రాగి 78 పాళ్లు, తగరం 22 పాళ్ల దాకా ఉంటుంది. వేలి కణుపుతో తట్టి చూస్తే చాలు. ఇత్తడి టక్కుమని ఊరుకుంటుంది. కంచు ఖంగుమని మోగి, చాలాసేపు మోగుతూనే ఉంటుంది. వేమన కంచు మోతను అల్పుల మాటతో పోల్చాడని ఇన్నేళ్లుగా క్లాసులో చెబుతున్న టీచరుకే ఆ రోజు ఆ మోత ముద్దొచ్చింది.

కంచాలను తోమితే సరిపోయింది కానీ, ఇత్తడి గుండిగను అలాగే వాడటానికి లేదు. ఇత్తడిలో పులుపు పడితే చిలుము పడుతుంది. లోపల కళాయి ఉండాల్సిందే. గిన్నెను బొగ్గుల మీద బాగా కాల్చి, నవసాగరం చల్లి, తగరం కరిగించి, దూదితో గిన్నె అంతా పూస్తారు. తిత్తి భుజాన వేసుకుని ‘కళాయి పెడతాం, మాట్లు వేస్తాం’ అంటూ వచ్చే కేక ఇప్పుడు వీధుల్లో అరుదు. గుండిగను వన్‌టౌన్ తీసుకెళ్లాల్సి వచ్చింది. తూకానికి ఇద్దామనుకున్న చోటికే కళాయికి తీసుకెళ్లడం చూసి ఆయనకూ నవ్వొచ్చింది.

ఇంకో రెండు జాగ్రత్తలు అత్తగారు చెప్పారు. కంచు పాత్రలో నెయ్యి రోజుల తరబడి నిలవ ఉంచకూడదు. ఆయుర్వేదం కూడా ఆ మాటే చెబుతుంది. సత్తు గిన్నెను వట్టిగా పొయ్యి మీద పెట్టకూడదు. అది తగరం. 232 డిగ్రీలకే కరుగుతుంది. నీళ్లు పోశాకే మంట వెలిగించాలి. చారు మరుగుతుండగా ఏమరిస్తే చారూ ఉండదు, గిన్నే ఉండదు!

ఈ పని చేసే చేతులు మన రాష్ట్రంలో ఇంకా ఉన్నాయి. తణుకు దగ్గర అజ్జరం ఇత్తడి సామానుకు పేరు. శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కొత్తవి అక్కడ దొరుకుతాయి. కానీ అరవయ్యేళ్లనాటి మన ఇంటి పేరు మాత్రం దొరకదు.

నవమి వచ్చింది. పానకం, వడపప్పు అయ్యాక భోజనాలు. బందరు నుంచి వచ్చినవాళ్లు లెక్కగా ఆరుగురు. పిల్లవాడు, తల్లిదండ్రులు, బాబాయి, పిన్ని, నాయనమ్మ. ఆరు కంచాలూ సరిపోయాయి. పక్కనే వాళ్లు తెచ్చిన బందరు లడ్డూల డబ్బా.

పిల్లవాడి నాయనమ్మ అన్నం కలుపుతూ కలుపుతూ ఆగింది. ఎడమచేతి వేలితో అంచు తడిమి, కళ్లద్దాలు సర్దుకుని చదివింది.

‘మీది దివా వదినగారూ?’

‘అవునండీ.’

‘మా పెద్దక్కను ఇచ్చింది ఈ ఊరి పక్కనే. ఉప్పెనలో...’ అని ఊరుకుంది.

అత్తగారు లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు. ఆ తర్వాత ఆ ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. కట్నకానుకల మాట కాదు, జాతకాల మాట కాదు. ఎవరు ఏ గట్టు మీద దొరికారు, ఎవరు దొరకలేదు... అవే కబుర్లు. మధ్యమధ్యలో మౌనం. పూల అంచు పింగాణీ పళ్లెమైతే ఆ మాట బయటికొచ్చేదా?

చుట్టాలు వెళ్లాక ఇంట్లోవాళ్లు భోజనాలకు కూర్చున్నారు. మార్కెట్ నుంచి తెచ్చిన అరిటాకుల్లో. అమ్మాయి నానమ్మ పక్కన చేరింది. కడిగి బోర్లించిన కంచాల్లో ఒకటి తీసి తిప్పితిప్పి చూసింది.

‘నానమ్మా, ఇటువైపు అంచంతా ఖాళీయే కదా. నా పేరు కొట్టించనా?’

‘కొట్టించుకో. సంవత్సరం మాత్రం మళ్లీ రాయించక్కర్లేదు’ అన్నారావిడ, ఆకులో పెరుగన్నం కలుపుకుంటూ. ‘ఉన్నదే సరిపోతుంది.’