కొయ్యతుపాకి

కొయ్యతుపాకితో యుద్ధము నేర్తురా యని నవ్వువారు మనలో పెక్కుమంది కలరు. చిలమత్తూరు, హిందూపురము, పెనుకొండ ప్రాంతములలో సాముగరిడీల సంగతి యెఱిగిన పెద్దలు మాత్ర మట్లు నవ్వరు. కత్తిసాము నేర్వవచ్చినవానికి గురువు మొదటి దినముననే వాడికత్తి నీయడు, కఱ్ఱ నిచ్చును. అడుగు కుదిరి, చూపు నిలిచి, తోడివానికి దెబ్బ తగులకుండ చేతి నాపుకొనుట వచ్చిన పిమ్మటనే యినుము చేతికి వచ్చును. సైనికశిక్షణమున పేలని తుపాకికి గల స్థానము సరిగా నిదియే యని మా యభిప్రాయము.

ఈ పద్ధతి మనకు క్రొత్తదియును గాదు. 1948వ సంవత్సరపు చట్టముచే నేర్పడిన నేషనల్ కాడెట్ కోరులో పిల్లలు కవాతునకు పట్టునది తఱచుగా కాల్చుటకు పనికిరాకుండ చేసిన పాత రైఫిలే. బరువు అదియే, పొడవు అదియే. భుజముపై నది తెచ్చు నొప్పియు నదియే. పిమ్మట పాయింటు 22 రైఫిలుతో గురి నేర్పుదురు. దాని గుండు చిన్నది. అయినను ప్రాణము తీయగలదు.

ఇప్పుడు కొయ్యకును పాతయినుమునకును తోడు యంత్రము వచ్చినది. 1993లో హైదరాబాదున వెలసిన జెన్ టెక్నాలజీస్ వంటి సంస్థలు నిర్మించు శిక్షణయంత్రములలో తూటాకు బదులు కాంతికిరణము తెరపై తగులును. మీట నొక్కునప్పుడు చేయి వణకినదా, ఊపిరి నిలిచినదా, గురి యెటు జరిగినది యనునవి వెంటనే కానవచ్చును. 2021 సెప్టెంబరులో కేంద్ర రక్షణశాఖవారు ఇట్టి యంత్రముల వాడుకను సేనలలో పెంపొందించుటకై విధానమును ప్రకటించిరి. తెలుగునేలపై పుట్టిన పరిశ్రమ దేశరక్షణకు తోడ్పడుట మాకు సంతోషకరమే.

కాని రెండు సంగతులు మఱువరాదు. ఉత్తుత్తిది గదా యను నలుసుతనమే మొదటి ప్రమాదము. 1993లో అమెరికాలో చలనచిత్రము తీయుచుండగా నటుడు బ్రాండన్ లీ మరణించెను. బొమ్మతూటా ముక్క యొకటి గొట్టములో చిక్కియుండ, మందు మాత్రమే గల తూటాను పేల్చినంతనే ఆ ముక్కయే గుండయి తగిలెను. 2021 అక్టోబరులో మఱియొక చిత్రీకరణమున హలీనా హచిన్స్ అను ఛాయాగ్రాహకురాలిని బలిగొన్నది, బొమ్మతూటాలే కలవనుకొన్న తుపాకిలోని నిజమైన తూటా. కావున కొయ్యతుపాకినైనను మనిషివైపు చూపరాదు, మీటపై వ్రేలు పెట్టరాదు. పని ముగిసినంతనే లెక్కపెట్టి తాళము వేయవలెను. బాటపై దానిని మోసికొనిపోవు కుఱ్ఱవానిని చూచి, అది నిజమో బొమ్మయో దూరముననుండి పోలీసువాడు పోల్చుకొనలేడు గదా!

రెండవది పొదుపు పేరిట వచ్చు మోసము. 1940లో ఇంగ్లండున హోంగార్డులో చేరిన పౌరులు కొందఱు చీపురుకఱ్ఱలు పట్టి కవాతు చేసిరి. వారికది గతిలేని పని. తుపాకులు చేరినంతనే కఱ్ఱలను పారవైచిరి. తూటా వెల యెక్కువ, తెర చవుక యని లెక్కలు వేసి కొయ్యతోనే చదువు ముగించువారికి ఈ కథ వినిపింపవలెను. నిజమైన తుపాకి భుజమును తన్నును, చెవిని గింగురుమనిపించును, దుమ్ముపడి మొరాయించును. గాలి గురిని మార్చును. ఆ బెదురు తెరముందర తీరునది కాదు.

1878నాటి ఆయుధచట్టము మన ప్రజలను నిరాయుధులను చేసినది. తుపాకి యనగా దొరదియో పోలీసుదియో యను భావము నాడు పాతుకొన్నది. 1959లో దానిస్థానమున స్వతంత్రభారతము తన చట్టము చేసికొన్నను, ఆ బెరుకు మన పిల్లలలో నింకను కొంత మిగిలియే యున్నది. 2022నాటి అగ్నిపథముచే చేరు యువకునికి కొలువు నాలుగేండ్లే. పిమ్మట నూటికి 25 మందిని మించి నిలుపుకొనరు. అంత కొద్దికాలములో తుపాకి పట్టుకొను తీరునకే దినములు వ్యర్థముచేయుట యెందులకు? ఊరి పాఠశాలలోనే నేర్చిపోరాదా?

కాడెట్ల సంఖ్యను మఱి 3 లక్షలు పెంచుటకు 2024లో అనుమతి లభించినది. అందులో చిలమత్తూరువంటి సరిహద్దుగ్రామముల పాఠశాలలకు భాగము రావలెనని మేము కోరుచున్నాము. కొయ్యతుపాకులు ముందుగా నిండు, అభ్యంతరము లేదు. కాని ప్రతి కాడెట్టును ఏడాదికొక్కమారైనను గుఱిస్థలమునకు గొనిపోయి, అధికారి కనులయెదుట నిజమైన తూటా పేల్పింపవలెను. జిల్లాలో నెందఱు కవాతు చేసిరో చెప్పినట్లే, ఎందఱు పేల్చిరో, తలకెన్ని తూటాలు వచ్చినవో ఏటేట ప్రకటింపవలెను.