టీషర్టు వద్దు, డ్యూటీ చార్టు మార్చండి

పోయిన సాల్ మా ఆఫీసులో నడక పోటీ పెట్టారు. ఫోన్లో యాప్ వేసుకోవాలి, రోజుకు పదివేల అడుగులు నడవాలి, నెలాఖరుకి ఎక్కువ నడిచినవాళ్లకి టీషర్టు ఇనామ్. గెలిచినవాళ్లంతా పొద్దుటి డ్యూటీవాళ్లే. మా నైట్ డెస్క్ నుంచి ఒక్కరూ లేరు. ఎలా ఉంటాం? సాయంత్రం నాలుగింటికి కుర్చీలో కూర్చుంటే రాత్రి ఒంటిగంటకి లేస్తాం. మధ్యలో నాలుగు ఇరానీ చాయ్‌లు, రెండు సమోసాలు.

పోటీ అయిన రెండు నెలలకే నా పక్క సీటు భాయికి దిల్ కా దౌరా వచ్చింది. నలభై ఆరేళ్లు. స్టెంట్ వేశారు, అల్లా మెహర్బానీ, బతికాడు. హాస్పిటల్‌కి చూడటానికి వెళ్తే ఆయన బీబీ ఒకే మాట అడిగింది: "భాయ్ సాబ్, మళ్లీ రాత్రి డ్యూటీయేనా?" నా దగ్గర జవాబ్ లేదు.

ఆఫీసుల్లో కస్రత్, సెహత్ ప్రోగ్రాములకు నేను ఖిలాఫ్ కాదు. కాని అవి మనిషిని మార్చాలని చూస్తాయి, పనిని ముట్టుకోవు. నా షికాయత్ అదే.

లండన్ డబుల్ డెక్కర్ బస్సుల కథ చూడండి. జెర్రీ మోరిస్ అనే డాక్టర్ 1953లో లాన్సెట్ పత్రికలో రాశాడు: రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే, మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ. ఆ కండక్టర్లకి ఎవరూ టీషర్టు ఇవ్వలేదు. వాళ్ల పనిలోనే నడక ఉంది. (డ్రైవర్ల యూనిఫాం ప్యాంట్లు నడుము దగ్గర ముందునుంచే పెద్ద సైజువని తర్వాత ఆయనే పట్టుకున్నాడు. అంటే తేడా అంతా మెట్లదే కాదు. ఇన్సాఫ్‌గా అదీ చెప్పాలి.)

ఇక అమెరికాలో బీజేస్ హోల్‌సేల్ క్లబ్ దుకాణాల్లో సుమారు 33 వేల మంది ఉద్యోగులపై చేసిన పరిశోధన 2019లో వచ్చింది. కొన్ని దుకాణాల్లో తిండి, కస్రత్, టెన్షన్ మీద క్లాసులు పెట్టారు, మిగతావాటిలో పెట్టలేదు. ఏడాదిన్నర తర్వాత క్లాసులున్నచోట "మేం కస్రత్ చేస్తున్నాం" అన్నవాళ్లు పెరిగారు. బీపీ, కొలెస్ట్రాల్, బరువులో మాత్రం చెప్పుకోదగ్గ ఫరక్ లేదు.

మన ఇళ్లలో ఇంకో మాట వినిపిస్తుంది: "ఐదు పూటలా నమాజు చదువుతాం, అదే కస్రత్." నమాజు ఇబాదత్. దాన్ని జిమ్ లెక్కలో వేయొద్దు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బండి మీద వెళ్లే మస్జిద్‌కి కాలినడకన వేగంగా వెళ్తే అందులో కొంత హిసాబ్ తేలుతుంది.

అసలు మనవాళ్లలో ఆఫీసు కుర్చీ ఉన్నవాళ్లెంత మంది? పత్తర్‌గట్టీ బట్టల దుకాణంలో పొద్దుటినుంచి రాత్రిదాకా నిలబడే కుర్రాడు, జర్దోజీ కార్ఖానాలో వంగి కూర్చునే కారీగర్, ఆటో తోలే చాచా. వీళ్లకి ఏ కంపెనీ పోటీ పెడుతుంది? నిలబడటం కస్రత్ కాదు, కాళ్లు వాయడమే. అందుకే ఈ మాట సేఠ్‌లకి కూడా చెబుతున్నాను, చాలా దుకాణాలు మనవాళ్లవే కదా. పనివాడు కూర్చోవడానికి ఒక స్టూలు వేయండి. మధ్యాహ్నం అరగంట బయటికి వదలండి. నెలకోసారి బీపీ చూపించండి, మెషీన్ ఏమంత ఖరీదు కాదు. పదిమంది పనిచేసే దుకాణమైతే 21,000 లోపు జీతగాళ్లకి ఈఎస్‌ఐ కట్టాలి. అది ఖైరాత్ కాదు, వాళ్ల హక్.

మా భాయి ఆరువారాలకి డ్యూటీలో చేరాడు. పొద్దుటి షిఫ్టు అడుగుతూ దర్ఖాస్తు పెట్టాడు. "చూద్దాం" అన్నారు. నిన్న రాత్రి కూడా నా పక్కనే కూర్చున్నాడు. సమోసా ముట్టలేదు. ఈసారి నడక పోటీకి పేర్లు ఇమ్మని మెయిల్ వచ్చింది.